కుమాసిలో నాకు పెట్టిన పేరు, మిత్రుడి కోకో తోట

"ఆఫ్రికాలో అందరూ చర్చికో మసీదుకో వెళ్తున్నారు, చేతిలో సెల్‌ఫోన్లున్నాయి, ఇంకా పాత ఆలోచనలు ఏం మిగిలాయి?" అని అడిగారు. ఖండం మొత్తం సంగతి నాకు తెలీదు. ఘనాలోని కుమాసిలో నాలుగేళ్లు అకౌంట్స్ చూశాను. అది అకాన్ జాతిలో ఒక శాఖైన అషాంటి వాళ్ల రాజధాని. నేను చెప్పేది వాళ్ల గురించే.

చేరిన రోజే స్టోర్ కీపర్ "ఏ వారం పుట్టావు?" అన్నాడు. అమ్మకి ఫోన్ చేస్తే గురువారం అంది. అంతే, ఆఫీసులో నేను యావ్ అయిపోయాను. శుక్రవారం పుడితే కోఫీ, శనివారమైతే క్వామే. ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్, ఘనా తొలి అధ్యక్షుడు క్వామే ఎన్‌క్రుమా, అలా వచ్చిన పేర్లే. పుట్టిన వారాన్ని బట్టి మనిషి ఆత్మకి, అంటే 'క్రా'కి, ఒక స్వభావం ఉంటుందని నమ్మకం. 2021 జనాభా లెక్కల ప్రకారం ఆ దేశంలో నూటికి 71 మంది క్రైస్తవులు. అయినా బాప్టిజం పేరు పక్కనే వారం పేరూ నడుస్తోంది.

అసలు సంగతి నాకు అర్థమైంది ఆ స్టోర్ కీపర్ తండ్రి పోయినప్పుడు. శవాన్ని వారాల తరబడి మార్చురీలో ఉంచారు. ఎప్పుడు పూడ్చాలో తేల్చేది భార్యాబిడ్డలు కాదట, 'అబుసువా' అట, అంటే తల్లి వైపు వంశం. మనకి గోత్రం తండ్రి నుంచి వస్తుంది కదా, వాళ్లకి రక్తం తల్లి నుంచే వస్తుంది. చివరికి ఒక శనివారం జరిపారు. అందరూ నలుపు, ఎరుపు బట్టల్లో వచ్చారు. పాస్టర్ ప్రార్థన ముగియగానే ఒక పెద్దాయన పూర్వీకుల్ని పేరుపేరునా పిలుస్తూ నేలమీద జిన్ పోశాడు. ఎవరెంత ఇచ్చారో మైకులో చదివారు, అచ్చం మన పెళ్లి చదివింపుల్లాగే. రానివాళ్లు ఫోన్‌లోనే డబ్బు పంపారు. రసీదు మాత్రం అందరికీ రాశారు!

గొడవ తర్వాత మొదలైంది. పాత పద్ధతిలో మేనమామ ఆస్తి మేనల్లుడిది, కొడుక్కి రాదు. దీనివల్ల భర్తతో పాటు కోకో తోటలో ఏళ్ల తరబడి చాకిరీ చేసిన భార్యలు వట్టి చేతులతో బయటికి రావాల్సివచ్చేది. 1985లో చట్టం మార్చారు. వీలునామా లేకుండా పోతే, మనిషి సొంతంగా సంపాదించిన ఇల్లు, సామాన్లు భార్యాబిడ్డలకే. మిగిలిన దాంట్లో పదహారింట తొమ్మిది వంతులు పిల్లలకి, మూడు వంతులు భార్యకి, రెండు తల్లిదండ్రులకి, రెండు ఆచారం ప్రకారం, అంటే అబుసువాకి. ఆ చివరి రెండు వంతులు చూసి నాకు ముచ్చటేసింది, చట్టం కూడా అబుసువాతో బేరమాడింది మరి.

కానీ ఈ లెక్క వంశపు భూమికి వర్తించదు. మా స్టోర్ కీపర్ తండ్రి తోట వంశానిదా, సొంతానిదా అన్నదే తగాదా. పెద్దల ముందు మూడు ఆదివారాలు కూర్చున్నారు. తోట సగం ఆ తండ్రి మేనల్లుడికి పోయింది. మావాడు తిట్టుకుంటూనే ఒప్పుకున్నాడు, నెల తిరక్కుండా లాయర్ దగ్గర పిల్లల పేర వీలునామా రాయించాడు. అక్క కొడుకు కాలేజీ ఫీజు మాత్రం ఇప్పటికీ వాడే కడుతున్నాడు. "ఎందుకురా?" అంటే, "నేను వాడికి మేనమామని కదా" అంటాడు.