ఒక్క రోజు తగ్గినందుకు డమ్మీ స్కూలా?

ప్రశ్న: మేడమ్, మాది వరంగల్. మా అమ్మాయి సీబీఎస్‌ఈ స్కూల్లో టెన్త్ చదువుతోంది. జులైలో టైఫాయిడ్ వచ్చి 17 రోజులు బడికి వెళ్లలేదు. మా ఆడపడుచు పెళ్లికి ఐదు రోజులు, పరీక్షల ముందు ఇంట్లో చదువుకుంటుందని ఆరు రోజులు, అవీ ఇవీ కలిపి మొత్తం 31 రోజులు పోయాయి. ఇప్పటికి 120 పనిదినాలైతే 89 రోజులే వచ్చిందని, 75 శాతం లేకపోతే బోర్డు పరీక్షకు ఇబ్బంది అవుతుందని స్కూలు నుంచి లెటర్ వచ్చింది. అప్పటి నుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. 'నా టెన్త్ పోయినట్టేనా అమ్మా' అని పాప ఏడుస్తోంది. నీట్ కోచింగ్ సంగతి కనుక్కోవడానికి వెళ్తే, 'పదకొండులో డమ్మీ అడ్మిషన్ తీసుకోండి, పేరు మాత్రం స్కూల్లో ఉంటుంది, పాప బడికి వెళ్లక్కర్లేదు, మాకు తెలిసిన స్కూలు విజయవాడలో ఉంది, ఇక హాజరు గొడవే ఉండదు' అన్నారు. మామూలు స్కూలా, డమ్మీనా, ఓపెన్ స్కూలా? ఏది మంచిదో చెప్పండి.

జవాబు: అమ్మా, ముందు ఒక కాగితం, పెన్ను తీసుకోండి. 120 రోజుల్లో 75 శాతం అంటే 90. మీ పాప వెళ్లింది 89. తగ్గింది ఒక్క రోజు.

ఈ లెక్క ఇంట్లో ఎవరైనా వేశారా? వేసి ఉండరు. స్కూలు లెటర్‌హెడ్ మీద 'బోర్డు పరీక్ష' అన్న మాట కనపడగానే చేతులు వణుకుతాయి, ఆ తర్వాత కింద రాసిన అంకెలు కంటికి ఆనవు. ఏటా నవంబరు వచ్చిందంటే ఇలాంటి లెటరు పట్టుకుని తల్లిదండ్రులు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. చాలామంది విషయంలో తగ్గింది రెండు రోజులో, నాలుగు రోజులో ఉంటుంది.

తగ్గిన రోజులు పూడ్చుకోవడానికి ఒక సులువైన లెక్క ఉంది. ఎన్ని రోజులు తగ్గాయో దానికి నాలుగు రెట్లు వరుసగా బడికి వెళ్తే 75 శాతానికి చేరుకుంటారు. మీ పాపకు ఒక్క రోజు తగ్గింది కాబట్టి నాలుగు రోజులు నాగా లేకుండా వెళ్తే చాలు. 124 రోజుల్లో 93 అవుతాయి, సరిగ్గా 75 శాతం. సీబీఎస్‌ఈ జనవరి 1 నాటికి ఉన్న హాజరును లెక్కలోకి తీసుకుంటుంది. ఈలోపు ఇంకో 38 పనిదినాలు ఉన్నాయనుకుంటే, అన్నీ వెళ్తే 158కి 127. అంటే 80 శాతం దాటిపోతుంది. మినహాయింపు కోసం ఎవరినీ బతిమాలాల్సిన పని కూడా ఉండదు.

స్కూలు వాళ్ల మీద కోపం పెట్టుకోకండి. హాజరు తగ్గితే తల్లిదండ్రులకు రాతపూర్వకంగా తెలియజేయాలని బోర్డే వాళ్లను ఆదేశించింది. మీకు వచ్చింది బెదిరింపు కాదు, ముందుజాగ్రత్త. జనవరిలో చెప్పి ఉంటే ఏం చేసేవారు?

ఇప్పుడు కొంచెం గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు. టైఫాయిడ్ ఎవరి చేతుల్లోనూ లేదు. మిగతా 14 రోజులు మాత్రం మీ చేతుల్లో ఉన్నవే. పెళ్లి అన్నారు, సరే, మేనత్త పెళ్లికి పిల్ల వెళ్లకపోతే ఎలా అంటారు. ఐదు రోజులు కావాలా? పరీక్షల ముందు 'ఇంట్లో ఉండి చదువుకో' అని ఆరు రోజులు ఆపారు చూడండి, నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది అది. బడికి వెళ్తే చదువు పోతుందని పిల్లకు మీరే నేర్పారు. పరీక్షకు ముందు వారంలోనే టీచర్లు పాఠాలు మళ్లీ తిరగేస్తారు, పిల్లలు ఒకరినొకరు అడిగి అర్థం కాని లెక్కలు తేల్చుకుంటారు. ఆ వారమే పాపను ఇంట్లో కూర్చోబెట్టారు. ఇప్పుడు కోచింగ్ వాళ్లు రెండేళ్లు బడికి వెళ్లక్కర్లేదంటే అది మీకు వింతగా అనిపించకపోవడానికి కారణం కూడా అదే.

ఇంకో మాట. ఈ సెలవులకు లీవ్ లెటర్ ఇచ్చారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. ఫోన్లో క్లాస్ టీచర్‌కు చెప్పాం, వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాం అని చాలామంది అంటారు. అది చాలదమ్మా. జబ్బు చేస్తే కోలుకున్న వెంటనే మెడికల్ కాగితాలతో సహా, వేరే కారణమైతే ముందుగానే, తల్లి గానీ తండ్రి గానీ సంతకం చేసిన లీవ్ లెటర్ స్కూల్లో ఉండాలని 2025 ఆగస్టులో సీబీఎస్‌ఈ స్పష్టంగా చెప్పింది. కాగితం లేని సెలవును అనుమతి లేని గైర్హాజరుగానే చూస్తారు. పెళ్లికి వెళ్లి 'జ్వరం' అని రాసే అలవాటు కూడా మానుకోవాలి. ఏడాదిలో మూడుసార్లు పెళ్లిళ్లకు జ్వరమని రాసిన ఇంటి నుంచి నాలుగోసారి నిజం జ్వరం కాగితం వస్తే, ఆ ప్రిన్సిపాల్ ఏ ధైర్యంతో దాన్ని బోర్డుకు సిఫారసు చేస్తారు?

కొన్నేళ్ల కిందట ఒక తండ్రి నా బల్ల మీద ప్లాస్టిక్ కవరు గుమ్మరించారు. మందుల చీటీలు, రక్తపరీక్ష రిపోర్టులు, మెడికల్ షాపు బిల్లులు. కొడుకు నెల రోజులు మంచం పట్టిన మాట నిజమే, ఆ రిపోర్టులు చూస్తేనే తెలుస్తోంది. కానీ స్కూలుకు ఇచ్చిన మెడికల్ సర్టిఫికెట్ మీద తేదీ ఫిబ్రవరిది, జబ్బు చేసింది ఆగస్టులో. దాని మీద జబ్బు పేరుంది గానీ ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా విశ్రాంతి కావాలో ఒక్క ముక్క లేదు. అప్పటికి గడువు దాటిపోయింది. ఆయన ఆ చీటీలను ఒక్కొక్కటే మడత పెట్టి మళ్లీ కవర్లో పెట్టుకుంటుంటే నేను ఏం చెప్పగలను?

అందుకే మీకు ఇప్పుడు అవసరం లేకపోయినా ఆ కాగితాలు సిద్ధం చేసి పెట్టుకోండి. డిసెంబరులో మళ్లీ జ్వరం రాదని ఎవరు చెప్పగలరు? 75 శాతం కంటే తగ్గిన వాళ్లకు బోర్డు 25 శాతం వరకు సడలింపు ఇచ్చే వీలుంది. అనారోగ్యం, తల్లినో తండ్రినో కోల్పోవడం, జాతీయ, అంతర్జాతీయ స్థాయి ఆటల పోటీలు, అంతటి తీవ్రమైన కారణాలు ఉంటేనే. స్కూలు తన సిఫారసుతో ఆ ఫైలును జనవరి 7 లోగా బోర్డు రీజనల్ ఆఫీసుకు పంపాలి. మీరు నేరుగా బోర్డుకు పంపేది కాదు, కాబట్టి స్కూలుతో మాట పోగొట్టుకోకండి. టైఫాయిడ్‌కు వైద్యం చేసిన డాక్టరు దగ్గరికి వెళ్లి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు జబ్బుతో ఉందో రాయించుకోండి. పాత రిపోర్టులన్నీ చూపించి ప్రభుత్వ డాక్టరు సర్టిఫికెట్ కూడా తప్పకుండా తెచ్చుకోండి. పాత తేదీ వేసి ఇవ్వమని మాత్రం ఎవరినీ అడగొద్దు. అన్నీ ఒక సెట్టు జిరాక్స్ తీసి, స్కూల్లో ఇచ్చినప్పుడు మీ కాపీ మీద 'అందింది' అని సంతకం, తేదీ వేయించుకోండి. ఆఫీసులో అడగడానికి మొహమాటపడొద్దు.

హాజరు రిజిస్టరు కూడా ఒకసారి చూపించమనండి. స్కూలు తరఫున క్విజ్‌కో ఆటలకో వెళ్లిన రోజు ఆబ్సెంట్ పడటం నేను చాలాసార్లు చూశాను. అలాంటిది ఒక్కటి దొరికినా మీ 89 కాస్తా 90 అవుతుంది, ఇవాళే సమస్య తీరిపోతుంది.

ఒక అపోహ కూడా తీర్చాలి. 2026 నుంచి టెన్త్‌కు రెండు బోర్డు పరీక్షలున్నాయి కదా, ఫిబ్రవరిది పోతే మేలో రాసుకుంటుందిలే అని కొందరు ధీమాగా ఉన్నారు. మొదటి పరీక్ష అందరూ తప్పనిసరిగా రాయాల్సిందే. అందులో మూడు, అంతకంటే ఎక్కువ సబ్జెక్టులు రాయని వాళ్లను రెండోదానికి రానివ్వరు. హాజరు చాలనివాళ్లకు అది దొడ్డిదారి కాదు.

ఇక డమ్మీ సంగతి. దీనికి నేను ఎప్పుడూ అవునని చెప్పలేదు, మీకూ చెప్పను. చెడ్డ పేరు వస్తుందని కాదు, మీ పాపకు ఏం పోతుందో చెబుతాను వినండి.

మీది వరంగల్. వాళ్లు చూపిస్తున్న స్కూలు విజయవాడలో. అంటే కాగితాల మీద మీ పాప తొమ్మిది, పది తెలంగాణలో, పదకొండు, పన్నెండు ఆంధ్రప్రదేశ్‌లో చదివినట్టు అవుతుంది. తెలంగాణలో కన్వీనర్ కోటా (ప్రభుత్వం తరఫున నింపే సీట్లు) ఎంబీబీఎస్ సీటుకు స్థానికత రావాలంటే పన్నెండుతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఇక్కడే చదివి ఉండాలి. 2024లో ప్రభుత్వం తెచ్చిన ఈ నిబంధనను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు సమర్థించింది. బదిలీలు ఉండే ప్రభుత్వ ఉద్యోగుల పిల్లల వంటి కొందరికి మినహాయింపులున్నాయి గానీ, కోచింగ్ కోసం పక్క రాష్ట్రంలో పేరు రాయించుకున్నవాళ్లకు లేదు. పాప రోజూ మీ ఇంట్లోనే అన్నం తిని వరంగల్లోనే కోచింగ్‌కు వెళ్లినా, స్టడీ సర్టిఫికెట్లు మాత్రం విజయవాడ అనే చెబుతాయి. అక్కడేమో రెండేళ్లే కాబట్టి నాలుగేళ్ల లెక్కలో అక్కడా స్థానికురాలు కాదు. కన్వీనర్ కోటాలో చాలావరకు సీట్లు స్థానికులవే. డాక్టరు చేయాలని డమ్మీలో వేసి, ఆ సీట్లకే అర్హత పోగొడతారా? కోచింగ్ వాళ్లు ఈ మాట మీకు చెప్పారా? వాళ్లను మీరు అడిగారా?

బోర్డు కూడా ఇదివరకటిలా లేదు. 2024లో ఆకస్మిక తనిఖీలు చేసి, ఢిల్లీ, రాజస్థాన్‌లలో 21 స్కూళ్ల గుర్తింపు రద్దు చేసింది, ఇంకో 6 స్కూళ్లను సీనియర్ సెకండరీ (పన్నెండు దాకా) నుంచి సెకండరీ (పది దాకా) స్థాయికి దించింది. తనిఖీలో బడికి రావడం లేదని తేలిన విద్యార్థిని పన్నెండో తరగతి పరీక్ష రాయనివ్వబోమని, దానికి బాధ్యత విద్యార్థిదీ తల్లిదండ్రులదేనని బోర్డు అధికారులు 2025లో చెప్పారు. ఒక్క రోజు హాజరు తగ్గితేనే మీ ఇంట్లో నిద్ర లేదంటున్నారు. ఏ రోజు తనిఖీ వస్తుందో అని రెండేళ్లు ఎలా పడుకుంటారు?

రూల్స్ పక్కన పెడదాం. డమ్మీలో చేరిన ఒక అబ్బాయి పన్నెండో తరగతి ప్రాక్టికల్స్‌కు వారం ముందు నా దగ్గర కూర్చున్నాడు. కెమిస్ట్రీలో టైట్రేషన్ లెక్క కళ్లు మూసుకుని చెప్పేస్తాడు. 'బ్యూరెట్ ఎప్పుడైనా పట్టుకున్నావా నాన్నా' అని అడిగాను, ల్యాబులో ఆ టైట్రేషన్‌కు వాడే గాజు గొట్టం అది. తల అడ్డంగా ఊపాడు. 'డౌట్ వస్తే ఎవరిని అడుగుతావు' అంటే చాలాసేపు మాట్లాడలేదు. కోచింగ్‌లో వారం వారం ర్యాంకుల ప్రకారం బ్యాచీలు మారుస్తారట, పక్కన ఎవరు కూర్చుంటారో తెలియదట. రెండేళ్లలో ఒక్క స్నేహితుడు లేడు. అతని మార్కులు బాగానే ఉన్నాయి. కోచింగ్ బ్రోచర్లలో ఉండేది ఆ మార్కులే. ఆ పిల్లాడి మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మీరు మూడిట్లో ఏది మంచిదని అడిగారు. ఓపెన్ స్కూలు గురించి రెండు ముక్కలు: ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూలు) గుర్తింపు ఉన్న బోర్డు, అక్కడి నుంచి నీట్ రాయవచ్చు. నిజంగా రోజూ బడికి వెళ్లలేని పిల్లలకు అది నిజాయితీ గల దారి. ఆరోగ్యం బాగాలేనివాళ్లు, పెద్ద స్థాయిలో ఆటలు ఆడేవాళ్లు దాన్ని ఎంచుకుంటే నేను సంతోషిస్తాను. మీ పాప అలాంటి స్థితిలో లేదు. బడి అంటే ఇష్టం లేని పిల్ల హాజరు తగ్గితే ఏడుస్తుందా? టెన్త్ తర్వాత ఇదే స్కూల్లో పదకొండులో ఉంచి, సాయంత్రం కోచింగ్ పెట్టండి. లేదంటే వరంగల్లోనే ఇంటర్ బైపీసీలో చేర్పించండి. రాత్రి పది దాకా స్టడీ అవర్లు పెట్టే కాలేజీ వద్దు. ఇంటికి దగ్గరగా ఉండి, ల్యాబు తెరిచి ఉండే కాలేజీ చూడండి. చేరేముందు ఆ ల్యాబులోకి ఒకసారి వెళ్లి, బల్లల మీద దుమ్ము ఉందో లేదో చూసి రండి.

ఎక్కడ చేర్పించినా టెన్త్ అయ్యాక స్కూలు నుంచి టీసీతో పాటు, ఏ తరగతి ఏ ఏడాది చదివిందో రాసిన స్టడీ సర్టిఫికెట్ తీసుకోండి. పేరు, పుట్టినతేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్కడే నిలబడి సరిచూసుకోండి. టీసీ, టెన్త్ మెమో ఒరిజినల్స్ కోచింగ్ సెంటర్ చేతిలో పెట్టొద్దు. 'సీటు రిజర్వు చేయడానికి' అంటారు, మధ్యలో మానేస్తామంటే ఫీజు మొత్తం కట్టే దాకా ఆ కాగితాలు మీ చేతికి రావు.

మీ ఉత్తరంలో పాప అడిగిన ప్రశ్న ఒకటి ఉంది, దానికి మీరు ఏం జవాబు చెప్పారో రాయలేదు. ఈ రాత్రి పక్కన కూర్చోబెట్టుకుని 120, 90, 89 అని కాగితం మీద మీరే వేసి చూపించండి. టెన్త్ ఎక్కడికీ పోలేదు, నాలుగు రోజులు బడికి వెళ్తే చాలని చెప్పండి. ఆ ఆరు రోజులు ఇంట్లో ఉంచింది మీరేనని కూడా చెప్పండి. పాపం, తన తప్పే అనుకుని ఏడుస్తూ ఉంటుంది.