బావికి 80 అడుగుల్లో పక్కింటి సెప్టిక్: హియరింగులో ఏం అడగాలి

మీ బావికి 80 అడుగుల్లోనే లీచ్‌ఫీల్డ్ (సెప్టిక్ ట్యాంకు నీళ్లు నేలలోకి ఇంకే చోటు) వేసుకుంటామని పక్కింటివాళ్లు హెల్త్ బోర్డును మినహాయింపు అడిగారన్నారు కదా. మసాచుసెట్స్ రాష్ట్ర సెప్టిక్ నిబంధనలైన టైటిల్ 5 ప్రకారం సొంత బావికి లీచ్‌ఫీల్డ్ 100 అడుగులు, ట్యాంకు 50 అడుగుల దూరంలో ఉండాలి. బోర్డు మీటింగుకు కనీసం 10 రోజుల ముందు పక్కింటివాళ్లు మీకు సర్టిఫైడ్ మెయిల్లో (రసీదు ఉండే పోస్టు) నోటీసు పంపాలి. పంపకపోతే ముందు ఆ సంగతే ఎత్తండి, దరఖాస్తు అసంపూర్ణం కింద లెక్క.

"మాకిష్టం లేదు" అంటే బోర్డు వినదు, వినక్కర్లేదు కూడా. వాళ్లు చూసేది రెండే: నిబంధనను తు.చ. తప్పకుండా పట్టుకుంటే దరఖాస్తుదారుకు మరీ అన్యాయమా, సడలించినా అంతే రక్షణ ఉంటుందా. మీరు గట్టిగా పట్టుకోవాల్సింది రెండోదాన్నే. టౌన్‌హాల్లో ప్లాన్ కాపీ తీసుకుని, అందులో మీ బావిని సరైన చోట గీశారో లేదో టేపు పెట్టి కొలిచి చూడండి. నైట్రేట్, బ్యాక్టీరియా పరీక్షలు ఇప్పుడే చేయించి ఆ రిపోర్టు రాతపూర్వకంగా ఇవ్వండి. బోర్డు ఒప్పుకునేలా ఉంటే, పక్కింటివాళ్ల ఖర్చుతో ఏటా మీ బావినీళ్ల పరీక్ష చేయించాలన్న షరతు పెట్టమనండి.