టెక్ సందేహాలు: పెడల్స్ అన్నీ ఆపేస్తే గిటార్ గొంతు ఎందుకు పూడుకుపోతోంది?

ఈ వారం ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ పక్కన పెడుతున్నాను. గిటార్ పెడల్స్ మీద, అంటే గిటార్‌కూ యాంప్‌కూ (యాంప్లిఫయర్) మధ్య పెట్టి కాలితో తొక్కితే శబ్దాన్ని మార్చే చిన్న డబ్బాల మీద, ఉత్తరాలు పోగయ్యాయి. అడిగిన తీరు వేరైనా దాదాపు అన్నిటి మూలం ఒకటే: పెడల్ ఆపినప్పుడు సిగ్నల్‌ను ఉత్త తీగలా వదిలేసే ట్రూ బైపాస్ మంచిదా, సిగ్నల్‌కు బలమిచ్చి పంపే బఫర్ మంచిదా? మొదటి దానికి కాస్త పొడుగ్గా జవాబు చెప్తాను, మిగతావి చకచకా తేల్చేద్దాం.

విశాఖపట్నం నుంచి ఓ ఇంజినీరింగ్ విద్యార్థి: "డబ్బు కూడబెట్టి ఒక్కొక్కటిగా ఆరు పెడల్స్ కొన్నాను. ట్రూ బైపాస్ అయితేనే కొను, బఫర్ ఉన్నవి టోన్ తినేస్తాయి అని సీనియర్లు చెబితే ఆరూ అవే తీసుకున్నా. ఇప్పుడు అన్నీ ఆపి వాయిస్తే గిటార్ పక్క గదిలోంచి వినిపిస్తున్నట్టుంది. చివర్లో ఉన్న కోరస్ ఒక్కటి ఆన్ చేస్తే మళ్లీ తేటపడుతోంది. ఏదైనా పెడల్ పాడైందా?"

ఏదీ పాడవలేదు. కోరస్ ఆన్ చేస్తే తేటపడుతోందన్నారు చూడండి, మీ జవాబు అందులోనే ఉంది.

గిటార్ పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత రాగి తీగను వేల చుట్లు చుట్టిన కాయిల్. దానికి బ్యాటరీ లేదు, కరెంటు లేదు. తీగ కంపిస్తే పుట్టే ఆ కాస్త సిగ్నలే దాని ఆస్తి. ఇక కేబుల్ సంగతి: లోపల ఒక తీగ, దాని చుట్టూ ఇన్సులేషన్, దానిపైన అల్లిన షీల్డ్. రెండు లోహాల మధ్య ఇన్సులేషన్ ఉంటే అది కెపాసిటరే కదా! మామూలు గిటార్ కేబుల్ కెపాసిటెన్స్ మీటరుకు సుమారు 100 పికోఫారడ్‌లు ఉంటుంది. పికప్ లాంటి బలహీనమైన మూలానికి అది చాలు. పై స్వరాలు ఆ దారిలో గ్రౌండ్‌లోకి జారిపోతాయి.

ఎంత జారిపోతాయో లెక్కేద్దాం. మీ పికప్ ఇండక్టెన్స్ 2.5 హెన్రీలు అనుకోండి, సింగిల్ కాయిల్ (ఒకే కాయిల్ ఉన్న పికప్)కు అది దగ్గరి అంకే. కాయిల్, కేబుల్ కలిసి ఒకచోట రెజొనెన్స్ ఇస్తాయి. గిటార్‌కు ఆ గణగణలాడే మెరుపు వచ్చేది అక్కడే. దాన్ని దాటాక పై స్వరాలు గబగబా పడిపోతాయి. 3 మీటర్ల కేబుల్‌తో ఆ శిఖరం దాదాపు 5,800 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. 6 మీటర్లతో 4,100కి దిగుతుంది. ఇప్పుడు పెడల్స్ వరసగా పెట్టిన మీ బోర్డు చూడండి: గిటార్ నుంచి బోర్డుకు 6 మీటర్లు, బోర్డు నుంచి యాంప్‌కు ఇంకో 6, పెడల్స్ మధ్య చిన్న చిన్న ప్యాచ్ కేబుల్స్ అన్నీ కలిపి ఓ మీటరున్నర. మొత్తం 13.5 మీటర్లు. శిఖరం 2,700 హెర్ట్జ్‌కు పడిపోయింది. పక్క గదిలోంచి వినిపిస్తోందన్నది మీ భ్రమ కాదు. గిటార్ మీద వాల్యూమ్ నాబ్‌ను 7కు తగ్గించి వాయించండి, ఇంకా మందగిస్తుంది. నాబ్ రెసిస్టెన్స్ కూడా ఆ కెపాసిటర్‌తో చెయ్యి కలుపుతుంది మరి.

ట్రూ బైపాస్ పెడల్ ఆపితే లోపలి సర్క్యూట్ పూర్తిగా పక్కకు తప్పుకుంటుంది. ఇన్‌పుట్ జాక్ నుంచి అవుట్‌పుట్ జాక్‌కు ఉత్త తీగే మిగులుతుంది. ఆరూ ఆపేస్తే పికప్ ముందు ఉన్నది ఒకే ఒక్క కొండవీటి చాంతాడు. ఒక్కో పెడల్ ఏ తప్పూ చెయ్యడం లేదు. ఆరింటిలో ఒక్కటీ సాయమూ చెయ్యడం లేదు, అదీ బాధ.

కోరస్ ఆన్ చేసినప్పుడు ఏమవుతుంది? దాని సర్క్యూట్ పికప్ మీద బరువు పడకుండా సిగ్నల్ అందుకుని, తన సొంత 9 వోల్టుల బలంతో ముందుకు తోస్తుంది. అక్కడి నుంచి యాంప్ దాకా ఉన్న 6 మీటర్ల లెక్క పికప్ ఖాతాలోంచి పోయింది. బఫర్ చేసే పని సరిగ్గా ఇదే, ఎఫెక్ట్ లేకుండా. ఒక ట్రాన్సిస్టరో ఆప్‌యాంపో, నాలుగు రెసిస్టర్లు. శబ్దం పెంచదు, రంగు మార్చదు. బాస్ (Boss) కంపెనీ వాళ్ల చిన్న పెడల్స్‌లో ఇన్‌పుట్ ఇంపిడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే అడ్డు) సాధారణంగా 1 మెగా ఓమ్, అవుట్‌పుట్ 1 కిలో ఓమ్ దరిదాపుల్లో ఉంటుంది. వెయ్యి రెట్లు తేడా! అందుకే ఆ తరవాత ఎంత కేబుల్ వేసినా అంతగా తెలియదు.

మరి బఫర్‌కు ఇంత చెడ్డపేరు ఎందుకొచ్చింది? నిజానికి తప్పు చేసింది బఫర్ కాదు. పాతకాలం వా పెడల్స్‌లో చవక స్విచ్ ఉండేది. ఆపినా వాటి ఇన్‌పుట్ సర్క్యూట్ సిగ్నల్‌కు అంటుకునే ఉండేది. ఆపిన పెడల్ టోన్ లాగేయడం అక్కడ నిజమే. దానికి విరుగుడుగా వచ్చిన ట్రూ బైపాస్ అనే మాట తరవాత డబ్బా మీద ముద్రగా మారి, అది లేనిదల్లా నాసిరకం అన్నంత దూరం పోయింది. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్‌కు బోర్డులు కట్టిన పీట్ కార్నిష్ బఫర్లనే నమ్ముకున్న మనిషి. ఆ గిటార్ టోన్‌ను ఎవరూ మందంగా ఉందనలేదు.

ఏమీ కొనకముందు ఇంట్లో ఒక పరీక్ష చెయ్యండి. యాంప్‌లో ఏ నాబూ ముట్టుకోకుండా గిటార్‌ను ఒకే కేబుల్‌తో నేరుగా యాంప్‌కు పెట్టి ఓపెన్ జీ కార్డ్ ఒకటి వాయించండి. తరవాత పెడల్స్ అన్నీ ఆపి బోర్డు ద్వారా అదే కార్డ్. ఆ తరవాత స్నేహితుడి దగ్గర బాస్ పెడల్ ఏదైనా తెచ్చి, బోర్డులో మొట్టమొదట పెట్టి, దాన్ని ఆన్ చెయ్యకుండానే మళ్లీ వాయించండి. ఆపి ఉన్నా దాని బఫర్ పనిచేస్తూనే ఉంటుంది. తేడా వినిపిస్తే మీకు కావలసింది ఒక బఫర్ మాత్రమే. ఆరు పెడల్స్ అమ్ముకోనక్కర్లేదు. వినిపించకపోతే అదీ అక్కర్లేదు. ఒకటి గుర్తుపెట్టుకోండి, గిటార్ నుంచి బోర్డు దాకా ఉన్న 6 మీటర్లను ఏ బఫరూ తిరిగి తేలేదు. అది పొట్టిదైతే మంచిది.

గుంటూరు నుంచి, చర్చిలో వాయించే పాఠకుడు: "ఆదివారం ఆరాధన మధ్యలో అడాప్టర్ కాలిపోయింది. బోర్డులో మొదట ఉన్న బఫర్డ్ ట్యూనర్ (శ్రుతి చూపే పెడల్) ఆరిపోగానే గిటారే ఆగిపోయింది. ట్యూనర్‌లో 9 వోల్టుల బ్యాటరీ ఉంది, అయినా పనిచెయ్యలేదు. ట్రూ బైపాస్ ట్యూనర్‌కు మారాలా?"

మీ బ్యాటరీ పనిచెయ్యకపోవడానికి కారణం వింటే నవ్వొస్తుంది. అలాంటి పెడల్స్‌లో అడాప్టర్ పిన్ను దూర్చగానే జాక్‌లోని చిన్న రేకు పక్కకు జరిగి బ్యాటరీని విడగొడుతుంది. అడాప్టర్ చచ్చినా పిన్ను అక్కడే ఉంది కాబట్టి రేకు వెనక్కి రాదు. పిన్ను పీకేసి ఉంటే ట్యూనర్ బ్యాటరీతో లేచి కూర్చునేది. ఈసారికి అదే చెయ్యండి. వాయించడం అయ్యాక ఇన్‌పుట్ జాక్‌లోంచి కేబుల్ తీసెయ్యండి. బ్యాటరీని ఆన్ చేసేది ఆ కేబులే, అలాగే వదిలేస్తే వచ్చే ఆదివారానికి ఖాళీ.

కరెంటు పోయినా సిగ్నల్ పోనివ్వడం మెకానికల్ స్విచ్ ఉన్న ట్రూ బైపాస్ అసలు సుగుణం, కాదనను. కానీ ఆ క్షణంలో ఆన్‌లో ఉన్న పెడల్ ఏ రకమైనా నోరు మూస్తుంది. కాలితో దాన్ని ఆపాలి. ట్యూనర్ మార్చాలనే ఉంటే, రెండు పద్ధతుల మధ్య స్విచ్‌తో మార్చుకునేవి దొరుకుతున్నాయి. టీసీ ఎలక్ట్రానిక్ పాలీట్యూన్ 3, బాస్ టీయూ-3డబ్ల్యూ అలాంటివే.

హనుమకొండ నుంచి: "జెర్మేనియం ట్రాన్సిస్టర్లున్న ఫజ్ (శబ్దాన్ని గరగరలాడించే పెడల్) కొన్నాను. గిటార్‌కు నేరుగా పెడితే వాల్యూమ్ తగ్గించగానే చక్కగా శుభ్రపడుతుంది. బఫర్డ్ ట్యూనర్ తరవాత పెడితే గీపెట్టి అరుస్తుంది, వాల్యూమ్ తగ్గించినా మాట వినదు."

బఫర్ చేటు చేసేది ఇక్కడే. 1966లో లండన్‌లో ఆర్బిటర్ సంస్థ తెచ్చిన ఫజ్ ఫేస్, దాని వంశంలోని పెడల్స్ ఇన్‌పుట్ ఇంపిడెన్స్ చాలా తక్కువ. అంటే అవి పికప్ మీద భారం వేస్తాయి. తమాషా ఏమిటంటే వాటి అందం ఆ భారంలోనే ఉంది. మీ పికప్ కాయిల్, వాల్యూమ్ నాబ్ ఆ సర్క్యూట్‌లో భాగాలే. మధ్యలో బఫర్ వస్తే ఆ చుట్టరికం తెగిపోతుంది. ఫజ్‌ను మొదట, ట్యూనర్‌ను దాని తరవాత పెట్టండి. ఫజ్ ఆపి ట్యూన్ చేసుకోవడం అలవాటైపోతుంది.

తెనాలి నుంచి: "కిట్ తెచ్చి సొంతంగా పెడల్ కట్టాను. పనిచేస్తోంది, కానీ తొక్కినప్పుడల్లా స్పీకర్లో టప్పుమంటోంది."

ముందు అభినందనలు. పెడల్ ఆపి ఉన్నంతసేపు ఇన్‌పుట్ కెపాసిటర్ ఒక కొస గాలిలో వేలాడుతుంది. లీకేజీ వల్ల అక్కడ కొద్దికొద్దిగా డీసీ వోల్టేజీ పేరుకుంటుంది. తొక్కగానే అదంతా ఒక్కసారి పడుతుంది, అదే ఆ టప్పు. కెపాసిటర్‌కు ముందు, ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కు 1 లేదా 2.2 మెగా ఓమ్ రెసిస్టర్ ఒకటి వెయ్యండి. అవుట్‌పుట్ వైపూ కెపాసిటర్ తరవాత ఇంకోటి. అయినా కొంచెం వినిపిస్తే అది ఎల్ఈడీ ఒక్కసారిగా కరెంటు లాగడం వల్ల కావచ్చు.

స్విచ్ మళ్లీ విప్పాల్సి వస్తే మాత్రం జాగ్రత్త. ఆ తొమ్మిది కాళ్ల 3పీడీటీ స్విచ్ చతురస్రంగా ఉంటుంది కాబట్టి ఎటు తిప్పి పెట్టినా సరిపోయినట్టే కనిపిస్తుంది. నా మొదటి పెడల్‌లో 90 డిగ్రీలు తిప్పి బిగించి, సాయంత్రమంతా సర్క్యూట్ బోర్డును అనుమానించాను. కాళ్లు రేకుల్లా బల్లపరుపుగా ఉంటాయి, ఆ రేకులు ఎటు తిరిగి ఉన్నాయో బొమ్మతో పోల్చుకోండి. తరవాత విప్పి సరిచేస్తూ సోల్డరింగ్ ఐరన్‌ను ఒకే కాలి మీద ఎక్కువసేపు ఆనించాను. లోపలి ప్లాస్టిక్ కరిగి స్విచ్ బిగుసుకుపోయింది. కాలుకు రెండు మూడు సెకన్లు, కాస్త ఆరనిచ్చి ఇంకోటి.

హైదరాబాద్ నుంచి: "నాది ప్రీయాంప్ ఉన్న ఎలక్ట్రో అకౌస్టిక్. అప్పుడప్పుడు వైర్‌లెస్ వాడతాను. నాకూ బఫర్ కావాలా?"

వద్దు. మీ గిటార్ లోపలి ప్రీయాంపే ఒక బఫర్. వైర్‌లెస్ రిసీవర్ నుంచి వచ్చేదీ బలమైన సిగ్నలే. పికప్‌కు కేబుల్ బరువు తగలకపోతే శబ్దం మరీ పదునుగా ఉందనేవాళ్లూ ఉన్నారు. బాస్ డబ్ల్యూఎల్-20 వైర్‌లెస్‌లో కేబుల్ టోన్ సిమ్యులేషన్ పెట్టింది వాళ్ల కోసమే. విశాఖ విద్యార్థి వదిలించుకోవాలని చూస్తున్న కేబుల్ శబ్దాన్ని అక్కడ పనిగట్టుకుని కలుపుతున్నారు.