ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ రాతపరీక్ష: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అమెరికాలో ప్రైవేట్ పైలట్ లైసెన్సు తెచ్చుకుని సెలవులకు ఇంటికొచ్చాను. మళ్లీ వెళ్లేలోగా ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనబడకపోయినా మీటర్లు చూసి విమానం నడిపే అర్హత) రాతపరీక్షకు తయారవ్వాలని ఉంది. యాప్‌లో ప్రశ్నలన్నీ రెండుసార్లు తిరగేశాను, 90 దాకా వస్తున్నాయి. కానీ హోల్డింగ్ (ఆకాశంలో ఒకచోట చుట్లు కొడుతూ వేచి ఉండటం) లెక్కలో అంకెలు మారిస్తే చేతులెత్తేస్తున్నాను. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఆ 90 మీ జ్ఞాపకశక్తికి వచ్చిన మార్కులు. అసలు పరీక్షలో 60 ప్రశ్నలు, 70 శాతం వస్తే పాస్, అంటే 42 ఒప్పవ్వాలి. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ తన ప్రశ్నల నిధిని ఇప్పుడు పూర్తిగా బయటపెట్టడం లేదు కాబట్టి యాప్‌లో బట్టీ పట్టిన ప్రశ్నే అక్కడ వస్తుందన్న భరోసా లేదు. యాప్‌ను వారం పాటు పక్కన పెట్టి తెల్లకాగితం, పెన్సిలు తీసుకోండి.

హోల్డింగ్‌లో సగం తప్పులు మొదటి అడుగులోనే పడతాయి. వీఓఆర్ అంటే దారి చూపే రేడియో స్టేషను, రేడియల్ అంటే దాన్నుంచి బయటికి పోయే గీత; 090 తూర్పు, 270 పడమర. “వీఓఆర్‌కు తూర్పున, 090 రేడియల్ మీద హోల్డ్ చేయండి” అంటే చాలామంది 090ని ఇన్‌బౌండ్ కోర్సు (స్టేషను వైపు వచ్చే దిశ) అనుకుంటారు. కాదు. విమానం తూర్పు నుంచి వీఓఆర్ వైపు వస్తుంది కాబట్టి ఇన్‌బౌండ్ 270, అవుట్‌బౌండ్ 090. ఎడమ అని చెప్పకపోతే మలుపులు కుడివైపే. కుడి మలుపులంటే ఈ హోల్డ్ రేడియల్‌కు ఉత్తరాన పడుతుంది. ఇంతవరకు గీశాకే ఎంట్రీ (ఆ చుట్టులోకి ప్రవేశించే తీరు) గురించి ఆలోచించండి.

ఎంట్రీకి ఒకే పద్ధతి పట్టుకోండి. వీఓఆర్ చేరేటప్పుడు మీ హెడింగ్ (విమానం ముక్కు చూపే దిశ) ఎంతో చూసి, దాన్నుంచి అవుట్‌బౌండ్ కోర్సు ఎటు పడుతుందో లెక్కించండి. కుడి మలుపుల హోల్డ్‌లో అది ముక్కుకు కుడివైపు 70 డిగ్రీల లోపుంటే టియర్‌డ్రాప్, ఎడమవైపు 110 డిగ్రీల లోపుంటే పేరలల్, వెనక మిగిలిన 180 డిగ్రీలలో ఉంటే డైరెక్ట్. పై హోల్డ్‌కే వర్తింపజేద్దాం. హెడింగ్ 060తో వచ్చారు: 090 అనేది 30 డిగ్రీలు కుడికి ఉంది, టియర్‌డ్రాప్. హోల్డ్ వైపు 30 డిగ్రీలు జరిగితే 060 హెడింగే వస్తుంది, అంటే నేరుగా ఒక నిమిషం పోయి కుడికి తిరిగి 270ని పట్టుకోవడమే. హెడింగ్ 130 అయితే 090 ఎడమకు 40 డిగ్రీలు, పేరలల్: 090కి తిరిగి ఒక నిమిషం, తర్వాత ఎడమ మలుపు. హెడింగ్ 310 అయితే డైరెక్ట్: వీఓఆర్ చేరగానే కుడికి తిరిగి నేరుగా హోల్డ్‌లోకి. ఎడమ మలుపుల హోల్డ్‌కు 70, 110 వైపులు తారుమారు. రోజుకు పది హెడింగులు మీరే రాసుకుని గీయండి, నాలుగో రోజుకు కాగితం అక్కర్లేకుండా వస్తుంది.

ఇన్‌బౌండ్ లెగ్ (స్టేషను వైపు తిన్నగా వచ్చే భాగం) 14,000 అడుగులదాకా ఒక నిమిషం, ఆపైన నిమిషంన్నర. అవుట్‌బౌండ్ టైమింగ్ ఫిక్స్ (హోల్డ్ చేసే చోటు, ఇక్కడ వీఓఆర్) మీద గానీ దానికి సరిగ్గా పక్కకు వచ్చినప్పుడు గానీ, రెండింట్లో ఏది ఆలస్యమైతే అక్కడి నుంచి మొదలు.

ఇంకొక చిక్కు క్లైంబ్ గ్రేడియంట్, అంటే ముందుకు పోయే దూరానికి ఎంత ఎత్తు ఎక్కాలన్నది. రేణిగుంటకు ఉత్తరాన శేషాచలం కొండలున్నట్టు, దగ్గర్లో ఎత్తున్న చోట డిపార్చర్ ప్రొసీజర్ (టేకాఫ్ తర్వాత పాటించాల్సిన మార్గం) నాటికల్ మైలుకు 300 అడుగులు ఎక్కమనవచ్చు. నిమిషానికి 300 అని గుర్తు పెట్టేస్తారు, ఆ ఆప్షన్ కూడా అక్కడే ఎదురుచూస్తుంటుంది. గ్రౌండ్‌స్పీడ్ (నేలతో పోల్చిన వేగం) 90 నాట్లయితే, అంటే గంటకు 90 నాటికల్ మైళ్లయితే, 300ను 90తో గుణించి 60తో భాగించండి: నిమిషానికి 450 అడుగులు. వెనకగాలి ఉంటే గ్రౌండ్‌స్పీడ్ పెరిగి ఈ అంకె ఇంకా పెరుగుతుంది.

ప్రశ్న: మెటార్ (విమానాశ్రయ వాతావరణ నివేదిక) చదవడంలో తికమక పడుతున్నాను. ఇక్కడివి మీటర్లలో, అమెరికావి మైళ్లలో. ఐసింగ్ (విమానం మీద మంచుగడ్డ పేరుకోవడం) అధ్యాయమైతే అస్సలు బుర్రకెక్కడం లేదు.
- ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: తిరుపతి విమానాశ్రయం కోడ్ వీఓటీపీ. అక్కడి మెటార్‌లో “3000 బీఆర్, క్యూ1008” అని ఉంటే విజిబిలిటీ (కంటికి ఆనే దూరం) 3,000 మీటర్లు, పలచటి పొగమంచు, పీడనం 1008 హెక్టోపాస్కళ్లు. అమెరికా విమానాశ్రయమైతే అదే వాతావరణాన్ని సుమారుగా “2ఎస్‌ఎం బీఆర్, ఏ2977” అని రాస్తుంది. 2977 అంటే 29.77 అంగుళాల పాదరసం. మబ్బుల ఎత్తు రెండుచోట్లా వందల అడుగుల్లోనే. ఫ్యూ, స్కాటర్డ్ (కొద్దిపాటి, చెదురుమదురు) మబ్బులు సీలింగ్‌గా, అంటే ఆకాశాన్ని కప్పే మబ్బుల అడుగు ఎత్తుగా, లెక్కకు రావు, బ్రోకెన్, ఓవర్‌కాస్ట్ (చాలావరకు, పూర్తిగా కమ్మినవి) మాత్రమే వస్తాయి. ఈ తేడా తెలియక ఆల్టర్నేట్ (గమ్యంలో దిగలేకపోతే వెళ్లే మరో విమానాశ్రయం) ప్రశ్నలు పోతాయి: అమెరికా నిబంధనలో గమ్యం చేరే సమయానికి గంట ముందు నుంచి గంట తర్వాతి దాకా సీలింగ్ కనీసం 2,000 అడుగులు, విజిబిలిటీ కనీసం 3 మైళ్లు ఉంటాయని ఫోర్‌కాస్ట్ చెప్పకపోతే ఆల్టర్నేట్ రాయాలి.

ఆల్టీమీటర్ (ఎత్తు చూపే మీటరు) లెక్క తేలికే. అంగుళానికి సుమారు 1,000 అడుగులు. 29.92 మీద వదిలేసి అసలు 29.77 ఉన్నచోటికి వెళ్తే, మీటరు చూపేదానికంటే 150 అడుగులు కిందున్నట్టు.

ఐసింగ్ కొరుకుడు పడకపోవడం మీ తప్పు కాదు. మన దగ్గర గడ్డకట్టే మట్టం సుమారు 15,000 అడుగుల పైన ఉంటుంది, చిన్న విమానాలు సాధారణంగా అక్కడిదాకా పోవు. విమానం ఒంటి మీద మంచు పేరుకోవాలంటే కంటికి కనబడే తేమ, గడ్డకట్టే ఉష్ణోగ్రత, రెండూ కావాలి. నేల మీద ఐస్ పెల్లెట్లు (చిన్న మంచుగుండ్లు) పడుతున్నాయంటే అర్థం: పైన వెచ్చటి గాలి పొర ఉంది, అందులోంచి వాన పడుతోంది, ఆ వాన కిందున్న చల్లగాలిలో గడ్డకట్టి పెల్లెట్లుగా మారుతోంది. కనక ఇంకా పైకెక్కితే ఫ్రీజింగ్ రెయిన్ (తగిలిన చోట గడ్డకట్టే వాన) ఎదురవుతుంది. ఈ వరసను నిలువుగా పొరలు గీసి చూసుకుంటే మళ్లీ మరిచిపోరు.

ప్రశ్న: పిటో (ఎదురుగాలి ఒత్తిడి తీసుకునే గొట్టం), స్టాటిక్ (బయటి గాలి పీడనం తీసుకునే రంధ్రం) మూసుకుపోతే ఏ మీటరు ఏమవుతుందో ప్రతిసారీ తారుమారవుతోంది.
- ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: పట్టిక బట్టీ పట్టకుండా, గాలి ఎక్కడ చిక్కుకుందో చూడండి. పిటో ముందు రంధ్రం మూసుకుని డ్రెయిన్ (నీరు పోయే రంధ్రం) తెరిచుంటే ఒత్తిడి బయటికి పోయి ఎయిర్‌స్పీడ్ సున్నాకు పడుతుంది. రెండూ మూసుకుంటే లోపలి ఒత్తిడి చిక్కి ఎయిర్‌స్పీడ్ ఆల్టీమీటర్ లాగా పనిచేస్తుంది: ఎక్కేకొద్దీ పెరుగుతుంది, దిగితే తగ్గుతుంది. పైలట్ అది చూసి ముక్కు ఇంకా పైకెత్తితే స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి) దాకా పోవచ్చు. స్టాటిక్ మూసుకుంటే ఆల్టీమీటర్ ఉన్నచోటే ఆగుతుంది, వీఎస్‌ఐ (ఎక్కే, దిగే వేగం చూపే మీటరు) సున్నా చూపుతుంది, ఎక్కేటప్పుడు ఎయిర్‌స్పీడ్ అసలుకంటే తక్కువ చూపుతుంది. కేబిన్‌లోని ఆల్టర్నేట్ స్టాటిక్ (బదులు వాడే రంధ్రం) తెరిస్తే అక్కడ పీడనం సాధారణంగా కాస్త తక్కువ కాబట్టి ఎత్తు, వేగం రెండూ కొంచెం ఎక్కువ చూపుతాయి. ఆరుబయట నిలిపిన విమానాల పిటో ట్యూబుల్లో కందిరీగలు మట్టిగూళ్లు పెడతాయి, అందుకే కవరు.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికా రాతపరీక్ష పాసైతే అది ఎన్నాళ్లు చెల్లుతుంది? ఇక్కడికొస్తే మళ్లీ రాయాలా?
- ఒక తండ్రి, పలమనేరు

జవాబు: 24 క్యాలెండర్ నెలలు. 2025 డిసెంబరు 10న పాసైతే 2027 డిసెంబరు 31లోగా ప్రాక్టికల్ పూర్తవ్వాలి. పరీక్షకు కూర్చోవాలంటే ఇన్‌స్ట్రక్టర్ ఎండార్స్‌మెంట్ (సిద్ధంగా ఉన్నారని ఇచ్చే సంతకం) కావాలి. తప్పిన ప్రశ్నల కోడ్‌లు ఫలితం కాగితం మీద ఉంటాయి, ఎగ్జామినర్ మౌఖికంలో వాటి మీద కూడా అడుగుతారు, ఆ కాగితం పారేయొద్దనండి. ఇండియాలో లైసెన్సు కావాలంటే మాత్రం మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పేపర్లు వేరుగా రాయాల్సిందే. అక్కడ కూడా 70 శాతమే.