వంపు దారికి తిన్నని గర్డర్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఫ్లైఓవర్ ర్యాంపు ఒకటి మోడల్ చేస్తున్నాను. మధ్యగీత వ్యాసార్థం 150 మీటర్లు, స్పాన్లు (పియర్ నుంచి పియర్‌కు దూరం) 25 మీటర్లవి, డెక్ వెడల్పు 12 మీటర్లు. 3 మీటర్లకొకటి చొప్పున నాలుగు ప్రీస్ట్రెస్డ్ ఐ గర్డర్లు (డెక్‌ను మోసే దూలాలు) పెట్టాను. పియర్ల (స్తంభాల) దగ్గర రెండు వైపులా ఓవర్‌హ్యాంగ్ (చివరి గర్డర్ దాటి బయటికి వచ్చే డెక్ భాగం) 1.5 మీటరే ఉంది. స్పాన్ మధ్యకొచ్చేసరికి బయటి వైపు పెరిగి, లోపలి వైపు తగ్గిపోతోంది. పైగా పక్క స్పాన్ గర్డర్ చివర ఈ స్పాన్ గర్డర్‌లోకి దూరుతోంది. తప్పు సాఫ్ట్‌వేర్‌దా, నాదా?
— డ్రాఫ్ట్స్‌మన్, గాజువాక

జవాబు: ఇద్దరిదీ కాదండి. డెక్ చాపం, గర్డర్ జ్య (చాపం కొసలను కలిపే తిన్నని గీత). ఆ రెంటి మధ్య ఎడం స్పాన్ వర్గాన్ని 8 రెట్ల వ్యాసార్థంతో భాగిస్తే వస్తుంది. మీ లెక్కలో 625ని 1200తో భాగిస్తే 0.52 మీటరు. రైల్వే ట్రాకు సిబ్బంది 20 మీటర్ల తాడు పట్టి చూసే వెర్సైన్ కూడా ఇదే కొలత. మౌస్ ముట్టుకునే ముందే ఈ అంకె కాగితం మీద వేసుకోండి. మీ ఇబ్బందులన్నీ దీని నుంచే పుట్టాయి.

ఇప్పుడు స్పాన్ మధ్యలో మీ బయటి ఓవర్‌హ్యాంగ్ 2.02, లోపలిది 0.98. గర్డర్ లేఅవుట్ మొత్తాన్ని ఎడంలో సగం, అంటే 0.26 మీటరు బయటికి జరపండి. అప్పుడు బయట పియర్ దగ్గర 1.24, మధ్యలో 1.76, లోపల పియర్ దగ్గర 1.76, మధ్యలో 1.24 వస్తాయి. స్లాబ్ కాంటిలీవర్‌ను క్రాష్ బ్యారియర్ బరువుతో సహా 1.76కి డిజైన్ చేస్తే చాలు. గర్డర్లను విడివిడిగా లాగకండి, లేఅవుట్ రిఫరెన్స్ గీతకే ఆఫ్‌సెట్ ఇవ్వండి. లేకపోతే తర్వాత ఎలైన్‌మెంట్ కాస్త మారినా అన్నీ మళ్లీ చేత్తో సర్దుకోవాలి.

గర్డర్ల పొడవులు వేర్వేరుగా ఉంటాయని మరవకండి. పియర్ గీత నుంచి పియర్ గీతకు, జరపక ముందు, లోపలి నుంచి వరసగా 24.22, 24.72, 25.22, 25.72 మీటర్లు. 0.26 జరిపాక ఒక్కొక్కటీ 43 మి.మీ. పెరుగుతుంది. కాస్టింగ్ యార్డుకు పాత పట్టిక వెళ్లిపోవడం ఇక్కడే జరుగుతుంది కాబట్టి, జరపడం పూర్తయ్యాకే పట్టిక తీయండి.

ఇక చివరలు గుద్దుకోవడం. ప్రతి పియర్ దగ్గరా పక్క పక్క స్పాన్ల గర్డర్లు 9.55 డిగ్రీలు విరుగుతాయి. అంటే గుండ్రం కేంద్రం వైపుకి వేసిన పియర్ గీతతో ఒక్కో గర్డర్ చివరి ముఖం 4.77 డిగ్రీల తేడాలో ఉంటుంది. పై ఫ్లాంజ్ (గర్డర్ పైనుండే వెడల్పు పలక) వెడల్పు 1 మీటరైతే లోపలి అంచు దగ్గర సందు 83 మి.మీ. తగ్గి, బయటి అంచు దగ్గర అంతే పెరుగుతుంది. మధ్యగీత మీద మీరు 60 మి.మీ. సందు పెట్టి ఉంటే లోపలి అంచులు 23 మి.మీ. ఒకదానిలోకి ఒకటి వెళ్లినట్టే. చివరి ముఖాన్ని 4.77 డిగ్రీలు వాలుగా పోయించవచ్చు. మా మొగ్గు మాత్రం చివరను గర్డర్‌కు లంబంగానే ఉంచి, మధ్య సందును 125 మి.మీ.కి పెంచడం వైపే. అచ్చు మార్చనక్కర్లేదు, లోపలి అంచు దగ్గర 40 మి.మీ. ఖాళీ మిగులుతుంది. ఎక్స్‌పాన్షన్ జాయింట్ సందు వేరే సంగతి: స్లాబ్‌ను గర్డర్ చివర దాటించి, జాయింట్‌ను పియర్ గీత మీదే ఉంచుకోండి.

మరో రెండు చోట్ల చెయ్యి జారుతుంది. మొదటిది, ఒక పియర్ గీతను కాపీ చేసి మిగతా చైనేజీల (దారి వెంట కొలిచిన దూరాల) దగ్గర అదే దిక్కుతో అతికించడం. ప్రతి స్పాన్‌కీ 9.55 డిగ్రీల స్క్యూ (ఏటవాలు) పేరుకుపోతుంది. ప్రతి గీతనూ ఎలైన్‌మెంట్‌కు లంబంగా కొత్తగా పెట్టాలి. రెండోది గర్డర్ల మధ్య దూరం. పియర్ గీత వెంట 3.000 ఉంటే, గర్డర్‌కు లంబంగా అది 2.990. నాలుగు గర్డర్లకు 31 మి.మీ. తేడా. ఏ దిక్కున కొలిచారో డ్రాయింగు మీద రాయకపోతే పెడస్టల్ (బేరింగ్ కింది దిమ్మ) ఒకచోట, బేరింగ్ (గర్డర్ చివర ఆనే మెత్త) ఒకచోట వస్తాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లు గర్డర్‌ను కూడా వంచి చూపిస్తాయి. ఆ ఆప్షన్ తీసేయండి. తెర మీద ముచ్చటగా ఉంటుంది గానీ ప్రీస్ట్రెస్ బెడ్ మీద వంగిన గర్డర్ పోయలేం.

హాంచ్ (గర్డర్ పై ముఖానికీ స్లాబ్ అడుగుకీ మధ్య నింపే కాంక్రీటు) సంగతి మీరు అడగలేదు గానీ చెప్పి తీరాలి. గంటకు 40 కి.మీ. వేగానికి, వేగం వర్గాన్ని 225 రెట్ల వ్యాసార్థంతో భాగించే మన సూత్రం ప్రకారం సూపర్ ఎలివేషన్ (వంపులో డెక్‌కు లోపలి వైపు ఇచ్చే వాలు) 4.7 శాతం. గర్డర్ నడుమ డెక్ చాపానికి 0.52 మీటరు లోపలికి ఉంటుంది కాబట్టి అక్కడ డెక్ 24 మి.మీ. దిగువన ఉంటుంది. స్లాబ్ బరువుకు దిగాక కూడా గర్డర్‌కు 30 మి.మీ. క్యాంబర్ (పైకి ఉబ్బు) మిగిలిందనుకోండి. ఫ్లాంజ్ సమతలం, స్లాబ్ వాలు కనుక లోపలి అంచు దగ్గర మరో 24 పోతుంది. మొత్తం 78. బేరింగ్ దగ్గర హాంచ్ అంతకన్నా తక్కువ పెడితే, స్పాన్ నడిమధ్య ఫ్లాంజ్ అంచు స్లాబ్ మందంలోకి చొచ్చుకొచ్చి కింది కడ్డీలకు చోటుండదు. వర్టికల్ కర్వ్ ఉంటే దాని లెక్క వేరుగా కలపాలి.

ప్రశ్న: మోడల్ నుంచి తీసిన పియర్ కోఆర్డినేట్లను జీపీఎస్‌తో నేల మీద పెట్టాం. టేపుతో చూస్తే ప్రతి స్పాన్‌కీ 7, 8 మి.మీ. తక్కువ వస్తోంది. ఎక్కడ పోతోంది?
— సైట్ ఇంజనీరు, మధురవాడ

జవాబు: ఎలైన్‌మెంట్ యూటీఎం గ్రిడ్‌లో (భూమిని జోన్లుగా విడదీసి, చదును పటం మీద మీటర్లలో స్థానం చెప్పే పద్ధతి) ఉండి ఉంటుంది. విశాఖ 44వ జోన్‌లో తూర్పు అంచుకు దగ్గర. జోన్ మధ్యరేఖ 81 డిగ్రీలైతే మనం 83 దాటి ఉన్నాం. ఇక్కడ స్కేల్ ఫ్యాక్టర్ (గ్రిడ్ మీది దూరం అసలు దూరానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) సుమారు 1.0003, సముద్ర మట్టానికి దగ్గర కనుక ఎత్తు సవరణ కూడా దాన్ని పెద్దగా తగ్గించదు. గ్రిడ్ మీద 25 మీటర్లు నేల మీద 24.992 అవుతుంది. గర్డర్ మాత్రం యార్డులో నిజం 25 మీటర్లకే తయారవుతుంది. పన్నెండు స్పాన్లకు తేడా 9, 10 సెం.మీ. దాకా వెళ్తుంది.

ఒక కంట్రోల్ పాయింట్‌ను ఆధారం చేసుకుని స్కేల్ 1 ఉన్న లోకల్ గ్రిడ్‌లోకి సర్వేని మార్చి, ఆ తర్వాతే మోడల్ మొదలుపెట్టాలి. తూర్పు సుమారు 7.4 లక్షలు, ఉత్తరం సుమారు 19.6 లక్షలు ఉండే మన అంకెలను అప్పుడే చిన్నవి చేసుకోండి. పెద్ద అంకెలతో కొన్ని త్రీడీ ప్రోగ్రాముల్లో గీతలు వణుకుతాయి, స్నాప్ సరిగా పడదు. పియర్లు ఇప్పటికే లేచి ఉంటే ఫౌండేషన్‌ను కదిలించే పని లేదు. పెడస్టల్ స్థానాలు, గర్డర్ పొడవులు నేల కొలతలకు సరిచేయండి.

ప్రశ్న: ఇదే తరహా ర్యాంపుకు గ్రిలేజ్ మోడల్ (డెక్‌ను నిలువు, అడ్డ దూలాల జాలిగా చూపే లెక్క) వేశాను. ఉష్ణోగ్రత లోడు ఒక్కటే ఇస్తే బేరింగుల దగ్గర పెద్ద అడ్డు బలాలు వస్తున్నాయి. సాదా సపోర్టు స్పానే కదా?
— ఎం.టెక్. విద్యార్థిని, ఎంవీపీ కాలనీ

జవాబు: సపోర్టులను గ్లోబల్ ఎక్స్, వై దిక్కుల్లోనే వదిలేసి ఉంటారమ్మా. వంపులో ఒక్కో స్పాన్ దిక్కు ఒక్కోలా ఉంటుంది. బేరింగ్ జారాల్సిన దిక్కు గర్డర్ వెంట ఉండాలి, కాబట్టి ప్రతి సపోర్టు లోకల్ యాక్సిస్‌నూ ఆ స్పాన్ కోణానికి తిప్పాలి. 25 మీటర్ల కాంక్రీటు 35 డిగ్రీల మార్పుకు 10.5 మి.మీ. సాగుతుంది. ఆ సాగుడును అడ్డుకున్నందుకే ఆ బలాలు. ఒకే నోడ్‌ను అడ్డంగా కూడా బిగించి, అదే పియర్ మీది మిగతా వాటిని అడ్డంగా వదిలారో లేదో కూడా చూసుకోండి. సరిచేశాక ఉష్ణోగ్రత లోడు ఒక్కటే మళ్లీ నడపండి. సపోర్టులు స్వేచ్ఛగా ఉంటే అడ్డు బలాలు సున్నాకి రావాలి. వచ్చాకే మిగతా లోడ్లు చూడండి.

ప్రశ్న: లూప్ వ్యాసార్థం 60 మీటర్లైతే ఈ తిన్నని గర్డర్లే వాడొచ్చా?
— కాంట్రాక్టరు, అక్కయ్యపాలెం

జవాబు: 25 మీటర్ల స్పాన్‌తో వద్దు. ఎడం 1.30 మీటరు దాటుతుంది, ఓవర్‌హ్యాంగ్ కాచుకోవడం కష్టం. స్పాన్‌ను 15 మీటర్లకు తగ్గిస్తే ఎడం 0.47 మీటరే, పియర్లు పెరిగినా పని సాగుతుంది. కింద రోడ్డు వల్ల పియర్లకు చోటు లేకపోతే అక్కడికక్కడే పోసే వంపు బాక్సు గర్డర్, లేదా వంచి చేసిన ఉక్కు గర్డర్ తీసుకోండి. బాక్సు అయితే లోపలి వైపు బేరింగ్ పైకి లేస్తోందేమో, లైవ్ లోడు బయటి లేనులో పెట్టి తప్పకుండా చూపించమని డిజైనర్‌ను అడగండి.