పెరిక్లీస్, చీటీలు, చిక్కుడు గింజలు

"పదిహేనేళ్లు ఒకే మనిషి మాట చెల్లితే, పెరిక్లీస్ నాటి ఏథెన్స్‌ను ప్రజాస్వామ్యం అని ఎలా అంటారు?" అని ఒకరు అడిగారు. పెరిక్లీస్ అంటే రెండున్నర వేల ఏళ్ల కిందట గ్రీకు నగరం ఏథెన్స్‌ను నడిపిన నాయకుడు. బడిలో ఏళ్ల తరబడి సాంఘిక శాస్త్రం చెప్పినా నాకూ ఈ సందేహం తీరలేదు.

ఒకసారి పంచాయతీ ఎన్నికల విధికి వెళ్లాను. ఒక వార్డులో ఇద్దరు అభ్యర్థులకు సరిసమానంగా ఓట్లు వచ్చాయి. నిబంధన ప్రకారం పేర్లు రాసిన రెండు చీటీలు మడిచి డబ్బాలో వేసి ఒకటి తీశారు. ఓడినాయన బయటికి వస్తూ, "ఇంతమంది ఓట్లేసింది చివరికి చీటీతో తేల్చడానికా మాస్టారూ?" అన్నాడు. ఏం చెప్పాలో తోచక ఊరుకున్నాను.

పదవీ విరమణ తర్వాత ఏథెన్స్ చూశాను. అగోరా అనే పాత సంత మైదానంలోని మ్యూజియంలో ఒక రాతి పలక దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. దాని నిండా వరుసలుగా సన్నని చీలికలు. తమ పేరున్న రేకుల్ని పౌరులు వాటిలో గుచ్చేవారట. పక్కనున్న గొట్టంలోంచి తెల్ల గోళీ పడితే ఆ వరుసంతా ఎంపికైనట్టు, నల్లది పడితే ఆ వరుసంతా ఇంటికి. ఈ చీటీల యంత్రాన్ని క్లెరొటీరియన్ అంటారు. ఆ పలక పెరిక్లీస్ తర్వాతి కాలానిది. ఆయన రోజుల్లో చిక్కుడు గింజలతో తీసేవారు. నగర మండలిలోని 500 మంది, ఏటా న్యాయస్థానాలకు 6,000 మంది, అధికారుల్లో అత్యధికులు ఇలా వచ్చినవారే. ఎన్నిక పెడితే పేరూ డబ్బూ ఉన్నవాడికే మొగ్గు ఉంటుంది, చీటీకి ఆ మొహమాటం లేదు. మనకు గత్యంతరం లేనప్పుడు తీసే చీటీ వాళ్లకు అసలు పద్ధతి.

యుద్ధాన్ని మాత్రం గింజలకు వదల్లేదు. పదిమంది సేనానులను ఏటా చేతులెత్తి ఎన్నుకునేవారు. పెరిక్లీస్‌ది ఆ పదవే. క్రీ.పూ. 443 నుంచి దాదాపు ఏటా గెలిచాడు, కానీ మిగతా తొమ్మిదిమందికి లేని ప్రత్యేక అధికారమేదీ చట్టం ఆయనకు ఇవ్వలేదు. ప్రతి పనికీ ప్నిక్స్ కొండమీద కూడే పౌరుల సభను ఒప్పించాల్సిందే. ఆ కొండ ఎక్కాను. బోడి రాయి, పైన ఆకాశం. నలభై మంది పిల్లలకే గొంతు పోగొట్టుకున్నవాణ్ణి, మైకు లేకుండా వేలమందికి ఎలా వినిపించాడో తలచుకుంటేనే ఆశ్చర్యం.

పేరుకు ప్రజాస్వామ్యం, నిజానికి ప్రథమ పౌరుడి పాలన అని ఆయన్ను మెచ్చుకుంటూనే తేల్చాడు చరిత్రకారుడు థుసిడిడీస్. నేను ఒప్పుకోలేను. క్రీ.పూ. 430లో ప్లేగు చెలరేగినప్పుడు అదే జనం ఆయన్ను పదవి నుంచి దింపి జరిమానా వేశారు. తర్వాత మళ్లీ వాళ్లే ఎన్నుకున్నారు. 429లో ప్లేగు ఆయన్నూ తీసుకుపోయింది.

నా లెక్కలో ఆయన చేసిన పెద్ద పని పార్థెనాన్ గుడి కట్టించడం కాదు. దానికి మిత్రరాజ్యాలు కట్టిన కప్పం సొమ్ము కూడా వాడారు. న్యాయస్థానంలో కూర్చునే వారికి రోజు భత్యం పెట్టించడమే అసలు పని. కూలి పోతుందంటే చీటీలో పేరొచ్చినా పేదవాడు ఎలా వస్తాడు?

స్త్రీలు, బానిసలు, స్థిరపడిన పరదేశీయులు ఈ లెక్కలో లేరు. పైగా తల్లిదండ్రులిద్దరూ ఏథెన్స్ వాళ్లయితేనే పౌరసత్వమని 451లో చట్టం తెచ్చింది పెరిక్లీసే. తర్వాత మిలేటస్ నుంచి వచ్చిన అస్పాసియాతో కొడుకు పుట్టాడు. పెద్ద కొడుకులిద్దరూ ప్లేగులో పోయాక, తన చట్టం తన బిడ్డకే అడ్డొస్తే, జనం దగ్గరికే వెళ్లి ప్రత్యేక మినహాయింపు అడగాల్సి వచ్చింది. ఇచ్చారు. ఆ కొడుకూ సేనాని అయ్యాడు. 406లో అర్గినూసే నౌకాయుద్ధం గెలిచినా, తుపానులో నావికులను కాపాడలేదన్న నేరానికి సభ ఆరుగురు సేనానులకు మరణశిక్ష అమలు చేయించింది. వారిలో అతనూ ఒకడు.