హెర్పిస్ వైరస్ మీద సుగంధ తైలాలను పరీక్షించాలంటే ఏ తైలంతో మొదలుపెట్టాలి?

టీ ట్రీ, పుదీనా, లవంగం, నిమ్మగడ్డి, థైమ్ అని ఐదు పేర్లు ఇచ్చి, 96 వెల్ (గుంటల) ప్లేట్‌లో ఎంటీటీ (కణాలు బతికున్నాయో లేదో రంగుతో చెప్పే పరీక్ష) పెట్టి ఐసీ50 (వైరస్‌ను సగానికి తగ్గించే గాఢత) తీస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. తైలం సంగతి తర్వాత చూద్దాం, దాన్ని ఏ దశలో కలుపుతున్నారో ముందు చెప్పండి. ఈ ఐదింటిలో దేన్ని తీసుకుని హెచ్‌ఎస్‌వీ-1తో (హెర్పిస్ వైరస్ ఒకటో రకం) నేరుగా కలిపి గంటసేపు ఉంచినా ప్లాకులు (వైరస్ వల్ల కణాలు చచ్చిన చోట కనిపించే ఖాళీలు) తగ్గే అవకాశమే ఎక్కువ. ఈ వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంది, తైలం పనిచేసేది ముఖ్యంగా ఆ పొర మీదే. సబ్బు కలిపినా జరిగేది అదే. దానికి 'యాంటీవైరల్' అని పేరు పెట్టేసి పేపర్ రాసేయడం మీద నాకు మొదట్నుంచీ అభ్యంతరం.

టీ ట్రీ తైలం మీద 2001లో జర్మనీ నుంచి వచ్చిన అధ్యయనాన్ని అందరూ ఉదహరిస్తారు. అందులో హెచ్‌ఎస్‌వీ-1కి ఐసీ50 0.0009 శాతం, హెచ్‌ఎస్‌వీ-2కి 0.0008 శాతం. ఈ అంకెలు చాలా సమీక్షా వ్యాసాల్లో కనిపిస్తాయి. వాటి పక్కనే ఉండాల్సిన రెండు సంగతులు మాత్రం తరచూ జారిపోతాయి. కణాలను సగానికి చంపే గాఢత 0.006 శాతమే, అంటే మధ్యలో ఉన్న ఎడం ఎనిమిది రెట్లు కూడా లేదు. పైగా తైలం పనిచేసింది వైరస్ కణానికి అంటుకునే ముందు, అంటుకునేటప్పుడు మాత్రమే. లోపలికి వెళ్లిపోయిన వైరస్‌ను అది ఏమీ చేయలేకపోయింది. ఈ సంగతిని ఆ అధ్యయనమే స్పష్టంగా చెప్పింది, చదివేవాళ్లే వదిలేస్తున్నారు.

కాబట్టి తైలాన్ని నాలుగు చోట్ల విడివిడిగా కలిపి చూడాలి. వైరస్‌ను కణాలకు ఇవ్వకముందు వైరస్‌తో కలపడం ఒకటి. వైరస్ ఇవ్వకముందు కణాల మీద వేసి, గంట ఉంచి, రెండుసార్లు కడిగేయడం రెండోది. వైరస్ అంటుకునే ఆ గంటలో కలపడం మూడోది. ఆ గంట అయ్యాక కడిగి, పైన పోసే చిక్కటి మీడియంలో (కణాలు పెరిగే పోషక ద్రవం) కలపడం నాలుగోది. నాలుగింటిలోనూ హెర్పిస్‌కు వాడే మందు అసైక్లోవిర్‌తో ఒక కంట్రోల్ (పోల్చి చూసే వెల్) ఉండాలి. నాలుగోదానిలోనే పెట్టి ఊరుకుంటే దాని విలువలో సగం పోయినట్టే, ఎందుకో కింద చెప్తాను.

తైలం కలపడం దగ్గరే సగం ప్రయోగాలు చెడిపోతాయి. చిన్న గాజు సీసాలో 100 మైక్రోలీటర్ల తైలం, 900 మైక్రోలీటర్ల ఇథనాల్ కలిపి 10 శాతం స్టాక్ చేసుకోండి. పాలీస్టైరీన్ ట్యూబు వద్దు. లిమొనీన్ అనే పదార్థం ఎక్కువున్న తైలాలు ఆ ప్లాస్టిక్‌ను కరిగిస్తాయి, కరిగిన ప్లాస్టిక్ మీ కణాల మీదకు చేరుతుంది. స్టాక్‌ను మీడియంలో వంద రెట్లు పలుచన చేస్తే తైలం 0.1 శాతం, ఇథనాల్ 0.9 శాతం అవుతాయి. అక్కడి నుంచి సగం సగం చేసుకుంటూ దిగేటప్పుడు మామూలు మీడియం కాకుండా 0.9 శాతం ఇథనాల్ కలిపిన మీడియం వాడండి. అప్పుడే అన్ని వెల్స్‌లో ఇథనాల్ ఒకేలా ఉంటుంది, ఒక్క ద్రావణి కంట్రోల్ అన్నిటికీ సరిపోతుంది.

0.1 శాతం అని నోట్‌బుక్‌లో రాసుకున్నంత మాత్రాన కణాలకు అంత అందుతుందని అనుకోకండి. లిమొనీన్‌నే తీసుకుంటే 0.1 శాతం అంటే మిల్లీలీటరుకు సుమారు 840 మైక్రోగ్రాములు. నీళ్లలో అది కరిగేది సుమారు 13 మైక్రోగ్రాములు. మిగతాది చిన్న చిన్న చుక్కలుగా పైకి తేలుతుంది, కణాలేమో అడుగున ఉంటాయి. కాస్త ట్వీన్ 80 కలిపితే చెదిరి నిలుస్తుంది కానీ, ట్వీన్ కూడా కొవ్వు పొరను తాకే పదార్థమే కాబట్టి దానికి విడిగా కంట్రోల్ పెట్టాలి. మీడియంలో కలిపే సీరం (జంతువుల రక్తం నుంచి తీసే ద్రవం) ఇంకో చిక్కు. అందులోని ప్రొటీన్లు తైలాన్ని పట్టేసుకుంటాయి. 10 శాతం సీరంలో విషం కాని గాఢత 2 శాతం సీరంలో విషం కావచ్చు.

ఇక ఆవిరి. చాలా ల్యాబ్‌లలో తరచూ ఎదురయ్యే ప్లేట్ ఒకటుంది, దాన్ని కాస్త జాగ్రత్తగా చూడండి. 24 వెల్ ప్లేట్, మొదటి నిలువు వరసలో 0.1 శాతం తైలం, పక్క వరసల్లో తగ్గుతూ వెళ్లే గాఢతలు, చివరి వరసలో తైలం లేని వైరస్ కంట్రోల్. 48 గంటలయ్యాక ఫార్మాలిన్‌తో స్థిరపరిచి, కణాలకు రంగు పట్టించే క్రిస్టల్ వయలెట్ పోసి, కడిగి, వెలుతురుకు ఎత్తి పట్టుకుంటారు. మొదటి వరసలో రంగే లేదు, కణాలు చచ్చిపోయాయి. రెండో వరసలో ప్లాకులు లేవు. మూడో, నాలుగో వరసల్లోనూ దాదాపు లేవు. ఐదో వరసలో ఉన్నవి చిన్నవిగా ఉన్నాయి. 'ఇంత పలుచన చేసినా పనిచేస్తోంది' అని సంబరపడేది ఇక్కడే. అదే వైరస్‌ను అదే రోజు వేరే ప్లేట్‌లో వేసి చూస్తే అక్కడి కంట్రోల్‌లో ప్లాకులు ఇంకా ఎక్కువ, ఇంకా పెద్దవి. అంటే ఈ ప్లేట్‌లో చివరి వరసక్కూడా తైలం అందింది. మూతకింద ఖాళీ అంతా మొదటి వరస నుంచి లేచిన ఆవిరే. తక్కువ గాఢతల ప్రభావం పెరిగినట్టు కనిపిస్తుంది, కంట్రోల్ తగ్గిపోతుంది, గీసిన గ్రాఫ్ బల్లపరుపుగా వస్తుంది.

దీనికి విరుగుడు సులువే. ఒక ప్లేట్‌కు ఒకే గాఢత, లేదా దగ్గర దగ్గర గాఢతలు రెండు. కంట్రోల్స్ పూర్తిగా వేరే ప్లేట్‌లో. ప్లేట్‌ను అంటుకునే ఫిల్మ్‌తో మూసేయండి. మూస్తే కార్బన్ డయాక్సైడ్ లోపలికి పోదు, మీడియం పీహెచ్ పెరిగిపోతుంది, కాబట్టి పీహెచ్‌ను నిలకడగా ఉంచే హెపిస్ 25 మిల్లీమోలార్ ముందే కలపాలి. ఆ ఇంక్యుబేటర్‌లో ఇంకొకరి కణాలు పెట్టనివ్వకండి. వాళ్ల మేలు కోసమే కాదు, వాళ్లు తలుపు తీసిన ప్రతిసారీ మిమ్మల్ని తిట్టుకోకుండా ఉండడానికి కూడా.

అసలు పరీక్షకు 6 వెల్ ప్లేట్లు మేలు. ముందురోజు వెల్‌కు 7 లక్షల చొప్పున వీరో కణాలు (కోతి మూత్రపిండం నుంచి వచ్చిన ల్యాబ్ కణాలు) వేసుకోండి. వైరస్, తైలం కలిపిన మిశ్రమంలో మిల్లీలీటరుకు 5 లక్షల ప్లాక్ యూనిట్లు (ఒక్కోటి ఒక ప్లాక్ చేయగల వైరస్) ఉండేలా చూసి, గది ఉష్ణోగ్రతలో గంట ఉంచి, వెయ్యి రెట్లు పలుచన చేసి, 200 మైక్రోలీటర్లు వెల్‌లో పోస్తే కంట్రోల్‌లో 100 దాకా ప్లాకులు రావాలి. 37 డిగ్రీల్లో గంట అంటుకోనివ్వండి, పావుగంటకోసారి ప్లేట్‌ను వంచుతూ ఉండాలి, లేకపోతే మధ్యలో కణాలు ఎండిపోయి, అక్కడ ఏర్పడిన ఖాళీని మీరు ప్లాక్‌గా లెక్కేస్తారు. తర్వాత 1 శాతం మిథైల్ సెల్యులోజ్ మీడియం పోసి 48 నుంచి 72 గంటలు కదపకుండా వదిలేయండి.

ఆ వెయ్యి రెట్ల పలుచన దగ్గర ఎవరూ పొదుపు చేయకూడదు. పది రెట్లతో సరిపెడితే తైలం కణాల మీదకూ వెళ్తుంది. అప్పుడు వైరస్ పొర చెడిందా, కణమే వైరస్‌ను తీసుకోలేని స్థితికి వచ్చిందా తేల్చలేరు. దీన్ని పట్టుకోవడానికే మొదటి దశలోనూ అసైక్లోవిర్ పెట్టమన్నాను. సోకిన కణంలో వైరస్ ఎంజైమ్ థైమిడిన్ కైనేజ్ దానికి ఫాస్ఫేట్ తగిలిస్తేనే ఆ మందు పనిచేస్తుంది, బయట తిరిగే వైరస్‌ను అది తాకదు. మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి వెయ్యి రెట్లు పలుచన చేస్తే మిగిలేది 0.01 మైక్రోగ్రాము, దాంతో ప్లాకులు పెద్దగా కదలకూడదు. తగ్గాయంటే మీ పలుచన చాలలేదని అర్థం. దీంతోపాటు తైలాన్నీ వైరస్‌నూ విడివిడిగా పలుచన చేసి, గంట ఆగకుండా అప్పటికప్పుడే కలిపి పోసిన వెల్ ఒకటి ఉండాలి. అందులోనూ ప్లాకులు కంట్రోల్‌తో సమానంగా రావాలి. ఈ రెండు కంట్రోల్స్ లేని పేపర్‌లో ఐసీ50 పట్టికను నేను చదవను.

ఎంటీటీ గురించి అడిగారు కదా. దాన్ని కణాల విషలక్షణం చూడడానికే వాడండి. కణాలు లేని వెల్‌లో కూడా తైలం, ఎంటీటీ కలిపి చూడాలి, ఎందుకంటే మొక్కల నుంచి తీసిన కొన్ని పదార్థాలు కణాలతో పని లేకుండానే ఎంటీటీని ఊదారంగుకు మార్చేస్తాయి, చచ్చిన కణాలు బతికున్నట్టు కనిపిస్తాయి. సెలెక్టివిటీ ఇండెక్స్‌తో (కణాలను చంపే గాఢతను వైరస్‌ను ఆపే గాఢతతో భాగిస్తే వచ్చే అంకె) చేసే గారడీ మరోటి. విషలక్షణం 10 శాతం సీరంలో చూస్తారు, వైరస్‌ను సీరం లేని మీడియంలో చూస్తారు, రెండూ భాగించి 'వంద' అని రాస్తారు. రెండూ ఒకే సీరంలో, ఒకే వ్యవధిలో చేయకపోతే ఆ భాగహారానికి అర్థమే లేదు.

లెక్కింపు మాటకొస్తే, 100 ప్లాకులున్న చోట పది అటూఇటూ కావడం మామూలే, పదే ఉన్న చోట మూడు అటూఇటూ అవుతాయి. 100 నుంచి ఒకటికి దిగిందంటే చూపించగలిగింది 2 లాగ్ (వంద రెట్లు) తగ్గుదల మాత్రమే. క్రిమిసంహారిణులకు వాడే యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 14476 అడిగేది 4 లాగ్ (పదివేల రెట్లు). అది చూపాలంటే ఇంకా చిక్కటి వైరస్‌తో మొదలుపెట్టి, పది రెట్ల పలుచనలన్నీ ప్లేట్ చేయాలి. ప్లాకులు లెక్కపెట్టేది ప్లేట్ పెట్టినవాళ్లు కాకూడదు. తైలం వాసన దాచలేరు గానీ, రంగు వేసి ఆరబెట్టిన ప్లేట్‌కు కోడ్ నంబరు వేసి ఇంకొకరికి ఇవ్వొచ్చు.

ఆటలమ్మ (చికెన్‌పాక్స్), సర్పి కలిగించే వారిసెల్లా జోస్టర్ వైరస్‌తోనూ ఇదే చేస్తామంటే ఆలోచించుకోండి. కల్చర్‌లో అది కణాలను అంటిపెట్టుకునే ఉంటుంది, బయట విడిగా దొరికే వైరస్ చాలా తక్కువ, కాబట్టి వైరస్‌ను తైలంతో ముందే కలిపే దశ చేయడం చాలా కష్టం.

ఇప్పుడు మీ ప్రశ్నకు జవాబు: థైమ్. ఐదూ కాదు, అదొక్కటే, పక్కన శుద్ధమైన థైమాల్ (ఆ తైలంలో ఉండే ఒక ముఖ్య పదార్థం) పెట్టుకుని. ముందు జీసీ-ఎంఎస్ (తైలంలో ఏ పదార్థం ఎంతుందో తేల్చే పరీక్ష) చేయించండి, ఎందుకంటే థైమ్ మొక్కల్లో థైమాల్ ఎక్కువున్నవి, కార్వక్రాల్ ఎక్కువున్నవి, లినలూల్ ఎక్కువున్నవి వేరువేరుగా ఉంటాయి, సీసా మీద పేరు మాత్రం ఒకటే. మీ తైలంలో థైమాల్ 40 శాతం ఉంటే, దానికి సరిపడా థైమాల్‌ను విడిగా పరీక్షించి రెండింటినీ పోల్చండి. ముదురు గాజు సీసాలో, నిండుగా, 4 డిగ్రీల్లో ఉంచి, తెరిచిన తేదీ సీసా మీదే రాయండి. సగం ఖాళీ అయిన సీసాలో గాలి చేరి టెర్పీన్లు ఆక్సీకరణ చెందుతాయి. మూడు నెలల తర్వాత అదే సీసాతో చేసిన పరీక్షను మొదటిదానితో కలపాలంటే మళ్లీ జీసీ-ఎంఎస్ తీయించాల్సిందే.